అడిగేది పెంపు కాదు, బాకీ

పక్క సీట్లో అదే పని చేస్తున్న మగవాడికి తనకంటే ఎక్కువ జీతం వస్తోందని తెలిసిన రోజు, చాలామంది ఆడవాళ్ళు ముందు తమనే తప్పుపట్టుకుంటారు. చేరేటప్పుడే గట్టిగా మాట్లాడాల్సింది, ఇంకో ఆఫర్ చేతిలో ఉంచుకోవాల్సింది, అసలు నాకు బేరమాడటమే రాదు అనుకుంటూ రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకుంటారు. మూడో రోజు ఎప్పటిలాగే పనిలో పడిపోతారు.

ఒకే పనికి తక్కువ జీతం రావడం మీ మాటకారితనంలో లోపం కాదు. కంపెనీ మీకు బాకీ పడింది, అంతే. పెంపు అడిగేవాళ్ళు తాము ఎంత బాగా పనిచేశారో చెప్పుకోవాలి, ఎదుటివాళ్ళు మెచ్చుకోవాలి, ఆ పైన మనసు రావాలి. బాకీ అడిగేవాళ్ళు లెక్క చూపిస్తారు. ఈ రెంటికీ గొంతు వేరు, కాగితం వేరు, వెళ్ళే దారి వేరు. ఈ అధ్యాయమంతా రెండో దారి గురించే.

ఆ దారి మన దేశంలో ఎలా ఉంటుందో చూపించినావిడ ఆడ్రీ డి'కోస్టా. బొంబాయిలో మెకినన్ మెకంజీ అనే షిప్పింగ్ కంపెనీలో స్టెనోగ్రాఫర్. పెద్ద అధికారుల దగ్గర పనిచేసే ఆడ స్టెనోలకు ఆ కంపెనీ ‘కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్’ అని వేరే హోదా పెట్టింది. మిగతా స్టెనోలు మగవాళ్ళు. డిక్టేషన్ రాసుకోవడం, దాన్ని టైపు కొట్టివ్వడం ఇద్దరి పనీ ఒకటే. జీతం మాత్రం ఆడవాళ్ళకు తక్కువ. 1977 జూన్‌లో ఉద్యోగంలోంచి తీసేశాక, ఆవిడ 1976 నాటి సమాన వేతన చట్టం కింద అర్జీ పెట్టారు.

కంపెనీ చెప్పిన సమాధానాలు వినండి. ‘లేడీ స్టెనో’ హోదాలో మగవాళ్ళెవరూ లేరు, కాబట్టి ఆడామగా తేడా అన్న ప్రశ్నే రాదు. ఈ జీతాలు యూనియన్‌తో ఒప్పందం చేసుకుని పెట్టినవే. పైగా కంపెనీ పరిస్థితి బాగాలేదు, సమానంగా ఇచ్చే స్తోమత లేదు. కింది అధికారి ఆవిడ అర్జీని కొట్టేశారు. ఆవిడ అప్పీలుకి వెళ్ళి గెలిచారు. కంపెనీ హైకోర్టుకి వెళ్ళి ఓడింది, సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు చూడకూడదు, నిజంగా చేస్తున్న పని చూడాలి. ఆ పనిలో చిన్నాచితకా తేడాలుంటే పట్టించుకోనక్కర్లేదు. యూనియన్‌తో ఒప్పందం ఉన్నా అది చట్టాన్ని దాటలేదు. డబ్బు లేదన్నది ఆడవాళ్ళకు తక్కువ ఇవ్వడానికి కారణం కాదు.

ఆవిడకు రావాల్సిందని తేలిన బాకీ 1976 అక్టోబర్ 26 నుంచి 1977 జూన్ 13 వరకు 7,196 రూపాయల 67 పైసలు. తేదీ నుంచి తేదీకి, పైసల దాకా కట్టిన లెక్క. ఆ కేసు మొత్తంలో నా మనసుకి బాగా పట్టింది ఇదే. తన బాధ ఎంతటిదో చెప్పి ఆవిడ గెలవలేదు. ఎంత రావాలో చూపించి గెలిచారు.

పని ఒకటే, పేరు వేరు

ఆ కంపెనీ చేసిన పని ఇవాళ్టి ఆఫీసుల్లో ఇంకా నాజూగ్గా జరుగుతోంది. ఒకే టీమ్‌లో, ఒకే క్లయింటుకి, ఒకే రకం పని చేసేవాళ్ళలో అతను ‘ప్రాజెక్ట్ లీడ్’ అవుతాడు, ఆమె ‘ప్రాజెక్ట్ కోఆర్డినేటర్’ అవుతుంది. ప్రైవేటు స్కూల్లో ఇద్దరూ అవే పీరియడ్లు చెబుతారు. అతనికి ‘డిసిప్లిన్ ఇన్‌చార్జి’ అని ఒక హోదా తగిలించి దానికో అలవెన్సు ఇస్తారు. ఆమె స్కూలు వార్షికోత్సవం మొత్తం నెత్తిన వేసుకున్నా ఆ పనికి పేరూ ఉండదు, పైసా ఉండదు.

పొలాల్లో ఈ విభజన ఎంత పాతదంటే మనకు కంటికే ఆనదు. నాట్లూ కలుపూ ఆడకూలి, మందు కొట్టడం, బస్తాలు మోయడం మగకూలి. పొద్దస్తమానం నడుం వంచి నీళ్ళలో నిలబడి చేసే నాట్లు తేలిక పని అని ఎవరు తేల్చారు? ఇళ్ళు కట్టే చోట పొద్దుటినుంచీ ఇటుకలూ ఇసుకా మోసే ఆడమనిషి ఎన్నేళ్ళు చేసినా కూలీగానే ఉంటుంది. ఆమె పక్కన చేరిన కుర్రాడు రెండేళ్ళలో తాపీ పట్టుకుని మేస్త్రి అవుతాడు. అందుకే 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆడామగా తేడా లేకుండా ఒకే రేటు పెట్టడం మన పల్లెల్లో చిన్న సంగతి కాదు. ఒకే కొలతకు ఒకే కూలి అని కాగితం మీద చూసుకున్న ఆడవాళ్ళు రైతుతో మాట్లాడే తీరు మారింది.

అంగన్‌వాడీలది ఇంకో రకం అన్యాయం. అక్కడ పోల్చుకోవడానికి మగవాళ్ళే ఉండరు. పిల్లలకు తిండి, చదువు, గర్భిణులకు పౌష్టికాహారం, పైన సర్వేలు, యాప్‌లో ఫొటోలు. ఇంత పనిచేయించుకుని ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్‌లో వాళ్ళు సమ్మెకు దిగినప్పుడు కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రభుత్వం ప్రయోగించినా లేవలేదు. వాళ్ళు పట్టుబట్టినవాటిలో గ్రాట్యుటీ ఒకటి. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. అంటే అదీ బాకీయే.

1968లో లండన్ దగ్గర డాగెన్‌హామ్‌లో ఫోర్డ్ కారు సీట్ల కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్ళు మిషన్లు ఆపేసినప్పుడు కూడా గొడవ పని పేరు దగ్గరే మొదలైంది. వాళ్ళ కుట్టుపనిని కంపెనీ తక్కువ నైపుణ్యం చాలే పని కింద రాసింది. సమ్మె తర్వాత మగవాళ్ళ రేటులో 92 శాతం వచ్చింది. 1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం వచ్చింది. కానీ కుట్టుపని నైపుణ్యమున్న పని అని ఒప్పించడానికి మళ్ళీ సమ్మె చేయాల్సి వచ్చింది, అది 1984లో గానీ తేలలేదు. చట్టం తెచ్చుకోవడం కంటే పని పేరు మార్పించడానికే ఎక్కువ కాలం పట్టింది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇది. మీ హోదా పక్కన పెట్టి, నెల రోజులపాటు మీరు నిజంగా ఏం చేస్తున్నారో రోజూ రాసుకోండి. ఎవరికి జవాబు చెబుతున్నారు, ఎవరి పని సరిచూస్తున్నారు, తప్పు జరిగితే ఎవరి మీదకి వస్తుంది, ఎంత డబ్బు మీ సంతకంతో కదులుతోంది. తర్వాత, మీరు పోల్చుకునే మనిషి పనిని కూడా ఇంతే నిజాయితీగా రాయండి. అతనికి మీకంటే అయిదేళ్ళ అనుభవం ఎక్కువుంటే, అతను రాత్రి షిఫ్టులు చేస్తూ మీరు చేయకపోతే, ఆ మనిషిని వదిలేసి ఇంకొకరిని చూడండి. తప్పుడు పోలికతో లోపలికి వెళితే సరైన పోలికను కూడా పోగొట్టుకుంటారు.

మొదటి అంకె

ఇద్దరు ఒకే రోజు చేరారనుకుందాం. ఆమెకు 30,000, అతనికి 36,000. ఏటా ఇద్దరికీ సమానంగా పది శాతం పెంచారు. ఎవరికీ అన్యాయం జరగనట్టే ఉంది. పదో ఏట వాళ్ళ మధ్య తేడా నెలకు 14,000 దాటుతుంది. పదేళ్ళలో ఆమె పోగొట్టుకున్నది పదకొండు లక్షల 47 వేలు. ప్రావిడెంట్ ఫండ్ ఇందులో కలపలేదు. మధ్యలో ఉద్యోగం మారినా ఈ తేడా పోదు. కొత్త కంపెనీ హెచ్‌ఆర్ ముందు పాత పేస్లిప్పులు అడిగి, వాటి మీద ముప్ఫై శాతం పెంపు అంటుంది. పాత అన్యాయం మీతోపాటే కొత్త ఆఫీసులో చేరుతుంది.

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నిబంధన ఈ గొలుసునే తెంపింది. అభ్యర్థిని పాత జీతం అడగకూడదు, ఉద్యోగానికి ఇచ్చే జీతం శ్రేణిని ముందే చెప్పాలి. మన దగ్గర అలాంటి కట్టడి లేదు. అయినా మీరు అడగొచ్చు. ‘ఇప్పుడెంత వస్తోంది?’ అన్నప్పుడు, ‘ఈ పోస్టుకి మీరు పెట్టుకున్న బ్యాండ్ ఎంతో చెప్పండి, దానిలో నా అనుభవానికి ఏది సరిపోతుందో మాట్లాడుకుందాం’ అనండి. పేస్లిప్పు ఇచ్చి తీరాలంటే ఇవ్వండి, అబద్ధం మాత్రం చెప్పకండి. కానీ మీ అంకెను పాత జీతం మీద కట్టకండి, పోస్టు మీద కట్టండి.

రెండో పెద్ద దెబ్బ పిల్లలు పుట్టినప్పుడు తగులుతుంది. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధనలో తేలిన ముఖ్య విషయం ఇదే: ఇవాళ ఆడామగా సంపాదనల తేడాలో ఎక్కువ భాగం ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళ మధ్యే ఉంది, అది చాలావరకు మొదటి బిడ్డతో మొదలవుతుంది. మన చట్టం 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. సెలవు ఇస్తారు, ఆ ఏడాది రేటింగ్ దగ్గర చేయి చూపిస్తారు. అందుకని సెలవుకి వెళ్ళేముందే, అప్పటిదాకా చేసిన నెలల పనికి రేటింగ్ ఎంతో మేనేజర్ చేత మెయిల్‌లో రాయించుకోండి. తిరిగొచ్చాక ‘నువ్వు లేవు కదమ్మా’ అన్న మాటకు ఆ మెయిలే జవాబు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

జీతాలు చెప్పుకోవడం మర్యాద కాదని మనకు ఎవరు నేర్పారో గానీ, ఆ మర్యాద వల్ల లాభపడేది జీతం ఇచ్చేవాళ్ళే. అయినా ఆఫర్ లెటర్లో గోప్యత నిబంధన ఉన్నవాళ్ళు ఇబ్బందిపడతారు, అది నిజమే. సూటిగా ‘నీ జీతమెంత?’ అనకుండా, ‘మన బ్యాండ్‌లో 12 నుంచి 15 అని విన్నాను, నిజమేనా అన్నా?’ అని అడగండి. అవును, కాదు అన్నా చాలు. టీమ్ వదిలి వెళ్ళిపోయిన మగ సహోద్యోగి ఇంకా నయం. అతనికి భయం ఉండదు, మీ పట్ల అభిమానం ఉంటే మొత్తం చెబుతాడు. కాలేజీ బ్యాచ్ గ్రూపులో అబ్బాయిల్నీ అడగండి. మనం ఆడవాళ్ళం ఆడవాళ్ళనే అడుగుతుంటాం, అందరికీ తక్కువే వస్తోంటే అదే సరైన రేటు అనుకుంటాం.

మీది స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన పెద్ద కంపెనీ అయితే ఇంకో దారి ఉంది, దీన్ని వాడుకునేవాళ్ళు చాలా తక్కువ. సెబీ నిబంధన ప్రకారం మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. అందులో ఉద్యోగుల మధ్యస్థ జీతం మగవాళ్ళకు ఎంతో, ఆడవాళ్ళకు ఎంతో విడివిడిగా రాయాలి. వార్షిక నివేదికలోనే ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. దాన్నిబట్టి మీ ఒక్కరి కేసు తేలదు. కానీ కంపెనీ తానే ప్రకటించిన అంకెను ముందుపెట్టి మాట్లాడితే ఎదుటివాళ్ళు తేలిగ్గా తోసేయలేరు.

‘సమానం చేసేశాం’ అని ఎవరన్నా చెబితే ఏ ముక్కను సమానం చేశారో అడగండి. హైదరాబాద్‌లో పెరిగిన క్రికెటర్ మిథాలీ రాజ్ 1999 నుంచి దేశం తరఫున ఆడి 2022 జూన్‌లో ఆట మానేశారు. ఆ అక్టోబర్‌లో క్రికెట్ బోర్డు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టెస్టుకి 15 లక్షలు, వన్డేకి ఆరు, టీ20కి మూడు. మంచి నిర్ణయం, ఎప్పుడో రావాల్సింది. కానీ అప్పటికి ఏడాది కాంట్రాక్టులో మగవాళ్ళ పై గ్రేడు ఏడు కోట్లు, ఆడవాళ్ళ పై గ్రేడు 50 లక్షలు. మీ ఆఫీసులోనూ బేసిక్ ఒకటే ఉండి వేరియబుల్ పే, జాయినింగ్ బోనస్, షేర్ల దగ్గర తేడా రావచ్చు. అన్నీ కలిపి చూడండి.

గదిలోకి వెళ్ళాక

‘ధైర్యంగా అడగండి, వస్తుంది’ అని చెప్పి వదిలేసే పుస్తకాలంటే నాకు కోపం. హానా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్, లేయ్ లై 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, జీతం గురించి తానుగా మాట్లాడిన స్త్రీతో పనిచేయడానికి జనం వెనకాడారు. అదే మాట మగవాడు మాట్లాడితే అంత పట్టింపు లేదు. అంటే అడగకపోతే నష్టం, అడిగితే చెడ్డపేరు. అడగడానికి జంకితే అది మీ పిరికితనం కాదు, మీకు తెలిసిన నిజం. అందుకే కాగితం పట్టుకుని వెళ్ళమంటున్నాను. కాగితం మాట్లాడుతుంటే మీ స్వభావం మీద చర్చ తగ్గుతుంది. వీలైతే అదే బాకీ ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి.

అప్రైజల్ రోజున ఈ మాట ఎత్తకండి, ఆ రోజు మాట్లాడేది పెంపు గురించి. వేరే రోజు చూసుకుని, ‘సార్, నా జీతం గురించి మాట్లాడాలి, ఒక అరగంట కావాలి’ అని ముందే చెప్పండి. ఒక్క పేజీ చాలు. పని, అనుభవం, బాధ్యత, బ్యాండ్, తేడా ఎంత, ఎప్పటినుంచి.

‘నీకెవరు చెప్పారు?’ అన్నది దాదాపు మొదటి ప్రశ్న. సహోద్యోగి పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకండి. ‘ఎవరు చెప్పారన్నది పక్కన పెట్టండి సార్. అంకె తప్పయితే మీరే సరిదిద్దండి’ అనండి. ‘అతనికి పాత కంపెనీలోనే ఎక్కువ వచ్చేది’ అంటే, పాత కంపెనీ అతనికి ఏమిచ్చిందన్నది ఈ పనికి సంబంధించింది కాదని చెప్పండి. చట్టం చూడమన్నవి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత. ‘బడ్జెట్ లేదు’ అంటే, ‘ఏ నెలలో సర్దుతారో మెయిల్ పెట్టండి’ అనండి. 1987లో సుప్రీంకోర్టు ఏమందో మీకు తెలుసు కాబట్టి గొంతు పెంచనక్కర్లేదు.

ఇక మన దగ్గర తప్పకుండా వచ్చే మాట ఒకటుంది. ‘మీ ఆయనకి మంచి ఉద్యోగమే కదమ్మా, నీకెందుకింత తాపత్రయం?’ పెళ్ళి కాని అమ్మాయికి ఇదే మాట నాన్న పేరుతో వస్తుంది. అవతల అతనికి ఇల్లు గడపాలి కాబట్టి ఎక్కువ ఇచ్చామని కూడా అంటారు. ఇక్కడ మాత్రం నవ్వి ఊరుకోకండి. ‘మా ఇంటి ఆదాయం సంగతి కాదు సార్, ఈ సీట్లో చేసే పని రేటు గురించి మాట్లాడుతున్నాను’ అని చెప్పి ఆగండి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని మీరు నింపకండి.

ఆ సాయంత్రమే, జరిగిన మాటలన్నీ నాలుగు వాక్యాల్లో ఆయనకే మెయిల్ చేయండి. జవాబు రాకపోయినా, ఫలానా తేదీన అడిగారన్న రుజువు మీ దగ్గర ఉంటుంది.

వినకపోతే

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో లిలీ లెడ్‌బెటర్ 1979లో చేరి సూపర్‌వైజర్‌గా పనిచేశారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఎవరో పేరు రాయకుండా ఒక చీటీ పెట్టారు. అందులో అదే పని చేసే ముగ్గురు మగవాళ్ళ జీతాలున్నాయి, అన్నీ ఆవిడకంటే ఎక్కువే. కేసు వేస్తే జ్యూరీ ఆవిడ పక్షాన నిలిచింది. 2007లో సుప్రీంకోర్టు మాత్రం 5–4తో కొట్టేసింది. తక్కువ జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సిందట. తెలియని అన్యాయం మీద ఎలా ఫిర్యాదు చేస్తారు? 2009 జనవరిలో ఒబామా సంతకం చేసిన చట్టం దాన్ని మార్చింది. తక్కువ జీతం అందిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుంది. ఆ చట్టానికి ఆవిడ పేరే పెట్టారు. కంపెనీ నుంచి ఆవిడకు మాత్రం పైసా రాలేదు.

మన దగ్గర గడువు మూడేళ్ళు. 1976 చట్టాన్ని వేతనాల కోడ్‌లో కలిపేశారు, అది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టం ఆడామగా అనేది, ఇది ఏ జెండర్ మీదా వివక్ష కూడదంటుంది, కాబట్టి ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకూ వర్తిస్తుంది. మేనేజర్ స్థాయి వాళ్ళు కూడా ఇందులో ఉద్యోగులే. సమానత్వం చూసేటప్పుడు ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, ఓవర్‌టైమ్ కూడా లెక్కలోకి వస్తాయి, కాబట్టి తేడాను భత్యాల్లో దాచే వీల్లేదు. సమానం చేయడం కోసం ఎవరి జీతమూ తగ్గించకూడదు, ఇది మీ మగ సహోద్యోగులకు తప్పక చెప్పండి, వాళ్ళ భయం పోతుంది. కార్మిక శాఖ అధికారికి మీరే అర్జీ పెట్టొచ్చు, మీరు సభ్యురాలైన రిజిస్టర్డ్ యూనియన్ కూడా పెట్టొచ్చు. ఇవ్వాల్సింది ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. బాకీతోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది.

ఇది ఒక్క నెలలో తేలేది కాదు. ఉద్యోగం పోతుందన్న భయం అబద్ధం కాదు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నప్పుడు వెళ్ళడం వేరు, లేనప్పుడు వెళ్ళడం వేరు. లేకపోతే ఆగండి, ఆగినంత కాలం కాగితాలు పోగుచేయండి. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్లు ఆఫీసు లాప్‌టాప్‌లో కాక మీ సొంత మెయిల్లో ఉంచుకోండి.

చాలా కంపెనీలు అంతదూరం రానివ్వవు, మధ్యలోనే ఒక అంకెతో ముందుకొస్తాయి. ఆ రోజు సంతోషంలో సంతకం పెట్టేయకండి. ‘వన్ టైమ్ బోనస్’ అని ఒకేసారి లక్ష ఇస్తామంటే అది నిరుటి బాకీకి చెల్లుతుందేమో గానీ, వచ్చే నెల జీతం ఎప్పటి జీతమే. సరిచేసిన జీతం ఏ తేదీ నుంచి వర్తిస్తుందో లెటర్లో ఉందో లేదో చూడండి. పెరిగింది బేసిక్‌లో పెరిగిందా, వచ్చే ఏడాది తీసేయగల స్పెషల్ అలవెన్సులో పెరిగిందా చూడండి. హోదా మారాలని అడిగి ఉంటే కొత్త హోదా అందులో రాసుందా? పాత నెలల తేడా ఎప్పుడు జమచేస్తారు? లేకపోతే ‘ఇవన్నీ కలిపి కొత్త లెటర్ ఇవ్వండి సార్, రేపు సంతకం చేస్తాను’ అనండి.